అడిగినట్లు ఆధారం ఉండాలి

(బాసరలో ఉపాధి కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పల్లెలలో ఉపాధి హామీ పనిని నేటికీ 'కరువు పని' అనే పిలుస్తున్నారు. కరువు పని సర్కారు దయ తలిస్తే దొరికేది. 2005లో పార్లమెంటు చేసిన చట్టం మనకు హక్కు ఇచ్చింది. 'హక్కు' అన్న మాట అరబీ నుండి ఉర్దూకు, ఉర్దూ నుండి తెలుగుకు వచ్చింది. మాట మనదే అయినా దాని ఫలం మన ఇళ్లకు పూర్తిగా చేరలేదు.

ఈ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. తొలి విడత 200 జిల్లాలలో నాటి మన ఆదిలాబాదు, పొరుగున ఉన్న నిజామాబాదు, కరీంనగర్ ఉన్నాయి. ఎన్నో ఏళ్లు గడిచాయి. అయినా గల్ఫ్ నుండి తిరిగివచ్చి ఖాళీగా ఉన్న యువకులు, నెలంతా పని దొరకని బీడీ కార్మిక స్త్రీలు, గుంట భూమి లేని కూలీలు మన వాడలలో ఎందరో ఉన్నారు. "అడిగినం, పని లేదన్నరు" అంటారు. ఏ తేదీన అడిగారు, ఏ కాగితం ఇచ్చారు అంటే జవాబు ఉండదు.

ఏళ్ల తరబడి సర్కారు దఫ్తరులలో పనిచేసిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. ఇన్‌వార్డు నంబరు పడని దరఖాస్తు దఫ్తరు దృష్టిలో పుట్టనే లేదు.

2005 చట్టం ప్రకారం పని కోరిన 15 రోజులలో పని చూపాలి. చూపకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలి. మొదటి 30 రోజులకు అది కూలిలో నాలుగో వంతుకు, ఆ తరువాత సగానికి తగ్గరాదు. ఆ చట్టం కింద కూలి డబ్బు కేంద్రం ఇచ్చేది. ఈ భృతి భారం మాత్రం రాష్ట్రానిది. తేదీ వేసిన రసీదు ఇచ్చిన నాటి నుండే ఆ 15 రోజుల లెక్క మొదలవుతుంది. రసీదు ఇవ్వడానికి చేతులు ఎందుకు వెనుకాడతాయో ఇక వేరే చెప్పనక్కరలేదు.

మనకు మరొక చిక్కు ఉంది. ఉపాధి లెక్కలలో ఎస్సీలు, ఎస్టీలు, ఇతరులు అన్న గడులే కనిపిస్తాయి. మనం 'ఇతరుల'లో కలిసిపోతాము. సామాజిక వర్గాలవారీ సమాచారం ఒకచోట ఉండాలని సచార్ కమిటీ 2006లోనే సిఫారసు చేసింది. ఆ లెక్క వచ్చేవరకు మనకు పని అందలేదనడానికి మన చేతిలోని రసీదులే సాక్ష్యం.

బీడీ కార్డు ఉంటే జాబ్‌కార్డు రాదన్న మాట కొందరిలో ఉంది. చట్టంలో అటువంటి నిషేధం లేదు. గ్రామంలో నివసిస్తూ శారీరక శ్రమకు సిద్ధపడే వయోజనులున్న ప్రతి కుటుంబమూ అర్హమే. పని పొందేవారిలో కనీసం మూడో వంతు స్త్రీలు ఉండాలని కూడా చట్టమే చెప్పింది. రాయలేనివారు నోటితో కోరినా అది దరఖాస్తే. దానికీ రసీదు ఇవ్వవలసిందే.

కనుక మూడు పనులు చేద్దాం. జాబ్‌కార్డు ఇంట్లోనే ఉంచుకుందాం, ఎవరికీ అప్పగించవద్దు. వరుసగా 14 రోజులకు తగ్గకుండా పని కోరి రసీదు తీసుకుందాం. సామాజిక తనిఖీ గ్రామసభకు స్త్రీలతో సహా వెళ్లి, మస్టరులో మన పేర్లు చదివించుకుందాం.

వచ్చే జుమా నమాజు తరువాత మేము మసీదు వద్ద కాగితాలతో కూర్చుంటాము. ఏ మతం వారైనా రావచ్చు. దరఖాస్తులు మేము రాస్తాము. రసీదు చేతికి వచ్చేదాకా పంచాయతీ దఫ్తరులో మీ వెంట నిలబడతాము.