అకౌంట్ ప్రైవేట్‌లోనే ఉంది, మరి పక్కింటికి ఎలా తెలిసింది?

మాది కీసర అని మీకు తెలుసుగా. గుట్ట మీద గుడి ఉండే హైదరాబాద్ పక్క కీసర కాదండోయ్. నందిగామ దాటి విజయవాడ వైపు వస్తుంటే మునేరు బ్రిడ్జి, టోల్‌గేట్ వస్తాయి చూడండి, ఆ కీసర. మా ఊళ్ళో పొద్దున ఈ చివర తుమ్మితే మధ్యాహ్నానికి ఆ చివర జ్వరమా అని అడుగుతారు. అలాంటి ఊళ్ళో నేనొక సీక్రెట్ అకౌంట్ నడిపాను. ఈరోజు ఆ కథే.

డిగ్రీ సెకండియర్‌లో ఉన్నప్పుడు మా డాబా మీద డాన్స్ వీడియోలు చేసేదాన్ని. తప్పు పని ఏమీ కాదు, కానీ ఇంట్లో చెప్పే ధైర్యం లేదు. పేరు మార్చి, అకౌంట్ ప్రైవేట్ పెట్టి, నలభై మంది ఫ్రెండ్స్‌ని మాత్రమే చేర్చుకున్నా. ఇంక నన్నెవరు పట్టుకుంటారులే అనుకున్నా.

ఒకరోజు సాయంత్రం ఎదురింటి అత్తయ్య కరివేపాకు కోసం వచ్చి, మా అమ్మతో, "వదినా, మీ పిల్ల భలే ఆడుతోందే! మా వాడి ఫోన్‌లో చూశా" అంది. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

అసలు ఎలా తెలిసిందో తర్వాత అర్థమైంది. అత్తయ్య వాళ్ళబ్బాయి ఫోన్‌లో నా నంబర్ ఉంది. వాడు తన కాంటాక్ట్స్ మొత్తం యాప్‌కి ఇచ్చాడు. నేనూ అదే నంబర్‌తో అకౌంట్ తెరిచా. అంతే, "వీళ్ళు మీకు తెలిసినవాళ్ళేమో" అని నా అకౌంట్ వాడికి కనిపించింది. పేరు మార్చాను గానీ ప్రొఫైల్ ఫొటోలో మా డాబా, మా వాటర్ ట్యాంకు అలాగే ఉన్నాయి! మరి వీడియోలు? నా నలభై మందిలో ఒకమ్మాయి వాడికి క్లాస్‌మేట్. సరదాగా చూపించింది. పాపం, తనకి చెడు ఉద్దేశం ఏమీ లేదు.

అందుకని మీరు చేయాల్సినవి చెప్తా, ఫోన్ తీసుకోండి.

ఒకటి. ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్ ప్రైవేట్ పెట్టినా మీ పేరు, ఫొటో, బయో అందరికీ కనిపిస్తాయి. కాబట్టి ఇల్లు, కాలేజీ, ఊరి పేరు అక్కడ వద్దు.

రెండు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌కి వెళ్ళి కాంటాక్ట్స్ అప్‌లోడ్ ఆపేయండి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆప్షన్ల పేర్లు మారుతుంటాయి, కాస్త వెతకండి. మీరు ఆపినా అవతలివాళ్ళ ఫోన్‌లో మీ నంబర్ ఉంటుంది. అందుకే అకౌంట్ నంబర్‌తో కాకుండా వేరే ఈమెయిల్‌తో తెరవడం మేలు.

మూడు. ప్రైవేట్ పెట్టకముందే చేరిన ఫాలోవర్లు అలాగే ఉండిపోతారు. లిస్టు చూసి, అక్కర్లేనివాళ్ళని రిమూవ్ చేయండి. వాళ్ళకి నోటిఫికేషన్ వెళ్ళదు.

నాలుగు. వేరేవాళ్ళ పబ్లిక్ పోస్టు కింద మీరు పెట్టిన కామెంట్ అందరూ చూడొచ్చు. మీ అకౌంట్ తలుపు వేసుకున్నా, రోడ్డు మీద మాట్లాడింది రోడ్డు మీదే ఉంటుంది కదా!

ఐదు. వాట్సాప్ స్టేటస్‌కి, కొందరు తప్ప మిగతా కాంటాక్ట్స్ అనే ఆప్షన్ ఉంది. బంధువుల నంబర్లు అందులో పెట్టేయొచ్చు. ఫేస్‌బుక్ వాడేవాళ్ళకి ప్రొఫైల్ లాక్ ఉంది, 2020 మేలో మన దేశంలో ఇచ్చారు. అంతకుముందు 2017లోనే ప్రొఫైల్ ఫొటోని డౌన్‌లోడ్ చేయకుండా ఆపే గార్డ్ ఇక్కడ తెచ్చారు. ఎందుకో తెలుసా? ఫొటోలు ఎవరు ఏం చేస్తారో అన్న భయంతో మన ఆడపిల్లలు చాలామంది ముఖం పెట్టడానికే జంకేవాళ్ళు.

ఇవన్నీ చేసినా స్క్రీన్‌షాట్‌ని ఎవరూ ఆపలేరు. అది గుర్తుంచుకోండి. ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా.

ఇంట్లో తెలిసిన నెలకి, ఎవడో నా ఫొటోలు తీసుకుని నా పేరుతో దొంగ అకౌంట్ తెరిచాడు. "ఐదువేలు పంపు, లేకపోతే ఇవన్నీ మీ నాన్నకి పంపిస్తా" అని మెసేజ్. చేతులు వణికిపోయాయి. రెండు నిమిషాల తర్వాత తట్టింది, నాన్నకి ముందే తెలుసు కదా! ఫోన్ తీసుకెళ్ళి నాన్న చేతిలో పెట్టా. చదివి, కళ్ళజోడు తీసి, "రూపాయి కూడా పంపకు. నేనున్నా" అన్నాడు. నెల తర్వాత నాన్న నాతో సరిగ్గా మాట్లాడిన మొదటి మాట అది.

మెసేజ్‌లు, ఆ అకౌంట్ లింకు స్క్రీన్‌షాట్ తీశాం. నేనూ, నా ఫ్రెండ్సూ రిపోర్ట్ కొట్టాం. రెండో రోజుకి ఆ అకౌంట్ పోయింది. మీకు ఇలాంటిది వస్తే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆడవాళ్ళ మీద, పిల్లల మీద జరిగే నేరాలైతే పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఒక్కటి ఆలోచించండి. అప్పటికి నాన్నకి తెలియకపోయి ఉంటే? కచ్చితంగా డబ్బు పంపేదాన్ని. తర్వాత వాడు పదివేలు అడిగేవాడు.

అలాగని అత్తయ్య చేసింది ఒప్పు అనడం లేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు ఒకే మాటగా, ప్రైవసీ మన ప్రాథమిక హక్కు అన్నారు. ఆ తీర్పు ప్రభుత్వం గురించి వచ్చింది, కరివేపాకు అత్తయ్య గురించి కాదనుకోండి! కానీ మనకంటూ ఒక గది ఉండాలనుకోవడం తప్పు కాదు.

ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. కానీ మన గుట్టు ఇంట్లో ఒక్కరికీ తెలియకపోతే, అదే బయటివాడి చేతిలో తాడు అవుతుంది. అందుకే ఊరందరికీ దాచండి, తప్పు లేదు. ఇంట్లో మాత్రం ఒక్కరికి చెప్పండి. అక్క అయినా, పిన్ని అయినా, అమ్మమ్మ అయినా సరే. అన్ని ఇళ్ళలో నాన్నలు ఒకేలా ఉండరు, నాకు తెలుసు. కొట్టే ఇల్లు అయితే బయట మీరు నమ్మే పెద్దవాళ్ళని చూసుకోండి.

నా అకౌంట్ ఇప్పటికీ ప్రైవేటే. ఫాలోవర్లు ముప్పై ఒక్క మంది. అందులో ప్రొఫైల్ ఫొటో లేని ఒక అకౌంట్ ఉంది, ఒక్క లైకూ కొట్టదు, కానీ ప్రతి స్టోరీ చూస్తుంది. అది మా నాన్నది.

సరే ఫ్రెండ్స్, ఈ రాత్రికి ఫాలోవర్ల లిస్టు ఒకసారి చూసుకోండి. ఉంటా మరి.