సీసా మీది చీటీ



మా గురువుగారి బల్ల మీద ఒక గాజు సీసా ఉండేది. అందులో చిన్న రాతిపలక, దాన్ని అంటిపెట్టుకుని జిగురుపొరలాంటి ముద్ద, ఆ ముద్ద నిండా నక్షత్రాలు. అది బోట్రిల్లస్ అనే ఎసిడియన్, రాళ్లను అంటుకుని బతికే సముద్రజీవి. చీటీ మీద కుటుంబం పేరు ‘బోట్రిల్లిడే’ అని రాసి, కొట్టేసి, కింద పెన్సిలుతో ‘స్టైలిడే’ అని దిద్దారు. ఆ దిద్దుబాటు వెనక ఉన్న కథే ఈ రోజు ఆయన స్మృతికి నేను సమర్పించుకునేది.

1756లో ష్లాసర్ అనే వైద్యుడు ఇంగ్లండు తీరంలో దొరికిన ఈ జీవిని లోకానికి చెప్పాడు. పదేళ్ల తర్వాత పల్లాస్ దానికి ష్లాసర్ పేరే పెట్టి, మెత్తని పగడాల ప్రజాతి ఆల్సియోనియంలో చేర్చాడు. ఆయన్ని తప్పుపట్టలేను. చూసిన కంటికి నక్షత్రమంతా ఒకే ప్రాణి.

కాదని 1816లో తేల్చినవాడు సావిన్యీ. నెపోలియన్ దండుతో ఈజిప్టు వెళ్లి వచ్చిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు. ఒక్కో కిరణం ఒక్కో పూర్తి ఎసిడియన్ అని ఆయన కోసి చూపించాడు. ఎవరి నోరు వారిదే, ఎవరి పేగు వారిదే. వాడిన నీళ్లు బయటికి పోయే దారి మాత్రం నడిమధ్యన అందరికీ ఒక్కటే. కొద్ది మిల్లీమీటర్ల దేహాల లోపలికి అంత దూరం చూసిన ఆ కళ్లు తర్వాత జబ్బుపడ్డాయి. చివరి దశాబ్దాలు ఆయన వెలుగు భరించలేక చీకటి గదిలోనే గడిపాడు. ఈ చరిత్రలో నా మనసుకు అందరికంటె దగ్గరివాడు ఆయనే.

1866లో కొవలెవ్‌స్కీ ఎసిడియన్ డింభకం తోకలో, మన పిండాల్లోనూ ఉండే పృష్ఠవంశాన్ని గుర్తించడం, నత్తల చుట్టాలనుకున్నవి మనకు చుట్టాలు కావడం మీకు తెలిసిందే. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. 1886లో లహీల్ ఎసిడియన్లను మొప్పసంచి కట్టుబడిని బట్టి మూడుగా విడదీశాడు. మొప్ప గోడకు మడతలున్నవి స్టోలిడోబ్రాంకియా. స్టైలిడే కుటుంబంలో ఒంటరిగా బతికే స్టైలా మొప్పలో ఇరువైపులా మడతలుంటాయి. బోట్రిల్లస్ మొప్పలో ఒక్క మడతా లేదు. అయినా మిగతా లక్షణాలన్నీ దాన్ని స్టోలిడోబ్రాంకియాలోకే లాగుతాయి. అందుకే కొందరు దాన్ని వేరు కుటుంబం చేశారు, కొందరు స్టైలిడేలో ఉపకుటుంబంగా కలిపారు. దేహం చిన్నదైపోయినప్పుడు మడతల అవసరమే తీరిపోయి ఉండాలని గురువుగారి నమ్మకం. నాదీ అదే.

అయితే ఆయన చూడలేకపోయిన సంగతి ఒకటుంది. 2018లో వెలువడిన జన్యు అధ్యయనం ఈ కుటుంబవృక్షాన్ని తిరగరాసింది. మొగ్గలు తొడిగి గుంపుగా బతికే విద్య స్టైలిడేలో ఒక్కసారి పుట్టి అందరికీ సంక్రమించింది కాదు. కనీసం రెండుసార్లు, వేర్వేరు కొమ్మల్లో, విడివిడిగా పుట్టింది. బోట్రిల్లస్‌లో మొగ్గ దేహపు గోడనుంచి వస్తుంది, రక్తనాళాల నుంచీ వస్తుంది. అదే కుటుంబంలోని పాలియాండ్రోకార్పా గుంపు వేరే దారి తొక్కింది. గుంపుగా బతికేవన్నీ ఒక్క తల్లి పిల్లలని నేనూ ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. అప్పటి నా విద్యార్థులు కొందరు ఈ సభలో ఉన్నారు. ఆ పాఠాన్ని ఇవాళ వారి ఎదుటే దిద్దుకుంటున్నాను.

సీసాను వెంట తెచ్చాను. పక్క బల్ల మీద సూక్ష్మదర్శిని కింద ఒక ముక్క అమర్చి ఉంది. మొప్ప గోడను నిదానంగా చూడండి, మడతలు కనిపిస్తాయేమో.