మానిటర్ 1080పీ, గేమ్ 4కె: ఇది మోసమా, లాభమా?

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న సెట్టింగ్ గురించి. ఆ సెట్టింగ్ తెలియక నేను పదకొండు వేలు పెట్టి మోసపోయాను. ఇప్పుడు అదే సెట్టింగ్ ఆన్ చేసుకుని గేమ్స్ ఆడుతున్నాను. రెండూ నిజమే. ఎలాగో చెప్తాను.

మా రూమ్ వెంగళరావు నగర్‌లో. పోయినేడాది ఒక సెకండ్ హ్యాండ్ మానిటర్ చూడ్డానికి వెళ్ళాను. 27 అంగుళాలు. "4కె బ్రో, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాడు అమ్మే అతను. నేను కళ్ళు మూసుకోలేదు. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవమన్నాను. తెరిచాడు. 3840 బై 2160 అని కనిపిస్తోంది. ఇంకేం కావాలి? డబ్బులిచ్చేసి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.

రూమ్‌కొచ్చి నా పీసీకి పెడితే 1920 బై 1080 దాటి పైకి పోవట్లేదు. కేబుల్ మార్చాను, డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను. ఊహూఁ. ఫోన్ చేస్తే, "నీ కళ్ళతో నువ్వే చూశావు కదా బ్రో" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

కృష్ణానగర్‌లో ఎడిటింగ్ అసిస్టెంట్‌గా చేసే మా ఫ్రెండ్ ఒకడున్నాడు. వాడొచ్చి వెనకున్న స్టిక్కర్ మీద మోడల్ నంబర్ చూసి, ఫోన్లో వెతికి, "ఇది 1080పీరా. అతని పీసీలో డీఎస్ఆర్ ఆన్ చేసుంటుంది" అన్నాడు.

డీఎస్ఆర్ అంటే డైనమిక్ సూపర్ రిజల్యూషన్. ఎన్విడియా 2014లో జీటీఎక్స్ 970, 980 కార్డులతో తెచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఏఎండీ కూడా వర్చువల్ సూపర్ రిజల్యూషన్ అని ఇచ్చింది. పని ఒకటే. గ్రాఫిక్స్ కార్డు విండోస్‌కి, గేమ్‌కి "ఇది 4కె స్క్రీన్" అని చెప్తుంది. గేమ్ నిజంగానే 4కెలో బొమ్మ గీస్తుంది. కార్డు ఆ బొమ్మని 1080పీకి కుదించి మానిటర్‌కి పంపుతుంది. మానిటర్‌కి ఈ సంగతే తెలీదు.

మరి కుదించేదానికి పెద్దగా గీయడం ఎందుకు? మా గల్లీలో తల పైకెత్తితే ఆకాశం కంటే కేబుల్ వైర్లే ఎక్కువ కనిపిస్తాయి. జీటీఏ ఫైవ్‌లో కూడా కరెంటు వైర్లుంటాయి, చూసే ఉంటారు. దూరంగా ఉన్న వైరు ఒక్క పిక్సెల్ కంటే సన్నగా ఉంటుంది. 1080పీలో ప్రతి పిక్సెల్‌కీ ఒకటే ప్రశ్న: ఇక్కడ వైరు ఉందా, ఆకాశం ఉందా? ఒక చోట వైరు, పక్కన ఆకాశం, మళ్ళీ వైరు. అందుకే గీత తెగిపోయి కనిపిస్తుంది, కారు కదిలితే మిణుకుమిణుకుమంటుంది.

4కెలో గీస్తే మీ మానిటర్‌లోని ఒక్కో పిక్సెల్ కోసం నాలుగు చోట్ల అడిగినట్టు. ఒక చోట వైరు, మూడు చోట్ల ఆకాశం వస్తే, నాలుగూ కలిపి సగటు తీస్తారు. లేత బూడిద రంగు వస్తుంది. అప్పుడు గీత తెగదు. జుట్టు, చెట్ల ఆకులు, కంచెలు, అన్నీ నిలకడగా కనిపిస్తాయి.

సినిమా వాళ్ళకి ఇది కొత్త కాదు. "మేం రోజూ చేసేదే కదా" అన్నాడు మా వాడు. 2015లో వచ్చిన బాహుబలిని ఆరీ అలెక్సా ఎక్స్‌టీ కెమెరాతో తీశారు. ఆ కెమెరా ఓపెన్ గేట్ మోడ్‌లో 3.4కె దాకా రికార్డు చేయగలదు. థియేటర్ 2కె బొమ్మ అంటే 2048 బై 1080. పెద్దగా తీసి చిన్నగా చూపిస్తే బొమ్మ శుభ్రంగా ఉంటుంది.

మరి దీనికి ఖర్చు లేదా? ఉంది. 1080పీ అంటే 20,73,600 పిక్సెల్స్. 4కె అంటే 82,94,400. సరిగ్గా నాలుగు రెట్లు. నా కార్డు జీటీఎక్స్ 1660 సూపర్. జీటీఏ ఫైవ్‌లో 90 దగ్గర ఉండే ఫ్రేమ్స్ 35కి పడిపోయాయి. అందుకే డీఎస్ఆర్‌లో 4.00 బదులు 2.25 పెట్టుకున్నాను. అంటే 2880 బై 1620. బొమ్మ బాగుంది, గేమ్ ఆడేలా ఉంది. ఆర్‌టీఎక్స్ కార్డు ఉన్నవాళ్ళకి 2022 జనవరి నుంచి డీఎల్‌డీఎస్ఆర్ అని ఇంకోటి వచ్చింది. కుదించే పని ఏఐ చేస్తుంది కాబట్టి 2.25 దగ్గరే చాలా మంచి బొమ్మ వస్తుంది.

ఎవరు వాడాలి? వైస్ సిటీ లాంటి పాత గేమ్స్ ఆడేవాళ్ళు, కార్డు సగం ఖాళీగా ఉన్నవాళ్ళు. వాలరెంట్ లాంటివి ఆడేవాళ్ళు వద్దు, మీకు ఫ్రేమ్సే ప్రాణం. డెస్క్‌టాప్ మీద కూడా వద్దు, అక్షరాలు చీమల్లా అయిపోతాయి. గేమ్‌లోనే రిజల్యూషన్ స్కేల్ ఉంటే ముందు అది పెంచి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో డీఎస్ఆర్ ఆప్షనే కనిపించదు. స్క్రీన్ ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌కి కలిపి ఉంటుంది, అందుకు.

ఇప్పుడు అసలు విషయం. సెకండ్ హ్యాండ్ మానిటర్ కొంటుంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో నంబర్ చూసి డబ్బులివ్వకండి. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్ళండి. అక్కడ డెస్క్‌టాప్ మోడ్, యాక్టివ్ సిగ్నల్ మోడ్ అని రెండు ఉంటాయి. మొదటిది 4కె, రెండోది 1080 అని ఉంటే డీఎస్ఆర్ ఆడుతున్న నాటకం అది. తర్వాత మానిటర్ బటన్ నొక్కి దాని సొంత మెనూలో ఏ సిగ్నల్ వస్తోందో చూడండి. కొన్ని స్క్రీన్లు 4కె సిగ్నల్ తీసుకుని లోపల తామే కుదించుకుంటాయి. అందుకే చివరి మాట స్టిక్కర్ మీది మోడల్ నంబర్‌దే. ఫోన్ మీ చేతిలోనే ఉంటుంది, వెతకడానికి రెండు నిమిషాలు చాలు.

ఆ రెండు నిమిషాలు ఆగలేకే నా పదకొండు వేలు పోయాయి. అవి ఇంకా రాలేదు, ఇక రావు. ఇంత చెప్పిన డీఎస్ఆర్ కూడా ఆ మానిటర్‌కి ఒక్క పిక్సెల్ కలపలేదు. ఉన్న పిక్సెల్స్‌నే బాగా వాడుతోంది, అంతే. మంచి బొమ్మ కోసం వాడుకోండి. కొనేటప్పుడు మాత్రం దాన్ని నమ్మకండి.

మీ ఫ్రెండ్ ఎవరైనా పాత మానిటర్ కొనబోతుంటే ముందే ఈ మాట చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.