ప్రతి విద్యార్థియు నుత్తరము చెప్పు తరగతి
(వేంసూరు వార్షిక మహాసభయందు జరిగిన యుపన్యాసము)



మన సంఘము విద్యానిధికై చందాలు కూర్చుచు, విద్యార్థివేతనముల నొసగుచున్నది. ఆ ద్రవ్యములో నొక భాగమును మరియొక కార్యమునకు వినియోగింపవలయునని విన్నవించుటకు నేనిట నిలిచితిని. తరగతిలోని ప్రతి బాలుడును, ప్రతి బాలికయు, గురువడిగిన ప్రతి ప్రశ్నకును తన యుత్తరమును దెలుపుటకు వలయు సాధనములను మన పాఠశాలలకు సమకూర్చుటయే యా కార్యము.

నేడు తరగతిలో జరుగుచున్నదేమి? ఉపాధ్యాయుడు ప్రశ్న వేయును. ముందువరుసలోని నలుగురైదుగురు చేతులెత్తుదురు. ఒకడు చెప్పును. పిమ్మట గురువు "అర్థమైనదా?" యనును. "అయినదండీ" యని యందరు నేకకంఠముగ బల్కుదురు. తక్కిన ముప్పదిమంది మనస్సులలో నేమున్నదో పరీక్షాపత్రములు దిద్దునాటికి గాని తెలియరాదు. పైరెండిన పిదప నీరు పెట్టిన నేమి ఫలము?

ఊరకుండువారెవరు? ఈ మన్యపుటంచున, దమ్మపేట, అశ్వారావుపేట దిక్కు పల్లెలలో, ఇంట కోయభాష మాటలాడు బాలలు కలరు. వారు బడిలో తెలుగును, 2022-23వ సంవత్సరము నుండి ఆంగ్లమాధ్యమమును గూడ నెదుర్కొనుచున్నారు. తమ యింట తొలుదొల్త నక్షరము దిద్దుచున్నవారు కలరు. వెనుకవరుసలో దలవంచుకొని కూర్చుండు బాలికలు కలరు. వీరి మౌనమును మందబుద్ధియని యెంచుట యన్యాయము. తప్పు చెప్పిన నవ్వుదురను భయమే యా మౌనమునకు మూలము.

మన పూర్వులు ప్రశ్నకిచ్చిన గౌరవము మీ రెరుగనిది కాదు. ప్రశ్నోపనిషత్తునందు పిప్పలాదమహర్షి కడకు ఆరుగురు శిష్యులేగి యారు ప్రశ్నలడిగిరి. ఒకడడుగగా నైదుగురు వినియూరకుండలేదు. మన యవధానసభయందును ప్రతి పృచ్ఛకునికిని తన వంతు కలదు. నేను కోరునది యీ న్యాయమునే తరగతిలో ప్రతిష్ఠింపవలయునని.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడగు ఎరిక్ మజూర్ 1991లో నొక పద్ధతి నారంభించెను. ప్రశ్న వేసి ప్రతి విద్యార్థిచేతను విడివిడిగ నుత్తరము చెప్పించుట, పొరుగువానితో చర్చింపజేయుట, మరల నుత్తరమడుగుట, ఇదియే యా పద్ధతి. సరియైన యుత్తరములు నూటికి సుమారు 30కి తక్కువైన పాఠము తిరిగి చెప్పవలయును. 70కి మించిన ముందునకు సాగవచ్చును. నడుమనున్నచో చర్చ మిక్కిలి ఫలించును. ఇందులకై మీటలుగల చిన్నయంత్రములను విద్యార్థుల చేతికిచ్చుట పలుదేశములలో వాడుకయైనది. వానిని క్లిక్కర్లందురు.

అంత వ్యయము మనకేల యందురేని, సులభోపాయము కలదు. ప్లికర్స్ అను పద్ధతిలో ప్రతి విద్యార్థికి నచ్చుగుర్తుగల యొక అట్ట యిత్తురు. దాని నాలుగువైపులును నాలుగుత్తరములకు సంకేతములు. విద్యార్థి తానెంచుకొన్న వైపు పైకి వచ్చునట్లు పట్టుకొనును. ఉపాధ్యాయుడు తన ఫోనుతో తరగతినంతయు నొక్కమారు చూపినచో నెవరెవరేమి చెప్పిరో తెలియును. విద్యార్థులకు ఫోనులక్కరలేదు. ఒక్కొక్క అట్టపై గుర్తు వేరగుటచే పొరుగువాని జూచి వ్రాయుటకును వీలులేదు. అంతర్జాలమందని చోట మన పాతపలకయు బలపమును చాలును. అందరు నొక్కసారి వ్రాసి యెత్తవలయును.

ఒక దృష్టాంతము. 0.5, 0.35 లలో నేది పెద్దది? తరగతిలో పలువురు 0.35 అందురు, 35, 5 కంటె పెద్దదికదా యని వారి తర్కము. తప్పుత్తరమునందును హేతువు కలదు. ఆ హేతువు ఆ క్షణముననే బయలుపడిన, గురువు దశాంశస్థానముల నప్పుడే తిరిగి బోధించును. లేకున్న నా పొరపాటు పదవతరగతి వరకును వెంబడించును.

గోడపై పెద్దతెర యుండగా నిది యెందులకని కొందరందురు. 2022లో వెలసిన మన ఊరు–మన బడి పథకమున డిజిటల్ విద్యయు నొక యంశమే. కాని తెర చూపును, బాలుడు చూచును. వాడు గ్రహించెనా లేదా యని యడుగువాడు గురువే. ఈ సాధనము గురువునకు బదులు కాదు, గురువునకు జెవి. ఇట్లు దెలిసిన యుత్తరములను మార్కులుగ లెక్కింపరాదు. ఎవరి తప్పునుగాని పేరుపెట్టి చాటరాదు. బాలుడు భయములేక తన యభిప్రాయము దెలుపునట్లు చేయవలయునని 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ విభాగమున విధించినది. అట్టలును పలకలును ఆ విధికి నడచుబాట.

పోషకమహాశయులారా! గదికట్టించినచో గోడమీద మీ పేరుండును. ఈ యట్టలపై నెవరి పేరును నిలువదు. అయినను నర్థించుచున్నాను. వేంసూరు మండలములోని పాఠశాలలలో నొక సంవత్సరము దీనిని నడిపి చూతము. అట్టలకు, పలకలకు, ఉపాధ్యాయుల శిక్షణకు మన నిధినుండి ద్రవ్యమొసగుదము. ఇది మన కులపు బిడ్డలకే యని గిరిగీయవలదు. ఒకే వరుసలో గూర్చున్న పిల్లలలో నొకనికి పలకయిచ్చి, వేరొకని రిక్తహస్తునిగ నుంచినచో, అది విద్యాదానము కానేరదు. మన బిడ్డ తోడివాడు నోరువిప్పిననాడే మన బిడ్డయు నిజముగ జదివినవాడగును.

ఈ తీర్మానమును సభవారామోదింప బ్రార్థించుచున్నాను.