ముసలితనమా, మాత్రల మహిమా?



ఇంట్లో పెద్దవాళ్లు ఈమధ్య పొంతన లేకుండా మాట్లాడుతున్నా, చెప్పిందే చెబుతున్నా "వయసు మీద పడింది, చాదస్తం" అనేసి ఊరుకుంటాం. ఆ మాట అనేముందు వారి తలగడ పక్కనున్న మాత్రల డబ్బా ఒక్కసారి తెరిచి చూడండి.

మన మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఉంది. ధ్యాస నిలవడానికీ, విన్నది గుర్తుండడానికీ అది అవసరం. జలుబుకూ, దురదకూ వాడే పాతరకం మందులు, అంటే క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ వంటివి, దాని పనికి అడ్డు తగులుతాయి. పడుచువారికైతే కాస్త మగతతో సరిపోతుంది. పెద్దవారి ఒంట్లోంచి మందు త్వరగా బయటికి పోదు. నోరెండిపోతుంది, మలబద్ధకం చేస్తుంది, మతి తడబడుతుంది. ఆ మలబద్ధకానికి మరో మందు! ఇలా డబ్బా నిండుతూనే ఉంటుంది.

నిద్రమాత్రల సంగతీ అంతే. డయజిపామ్ వృద్ధుల ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది. రాత్రి బాత్‌రూముకు లేచి తూలిపడితే తుంటి ఎముక విరగవచ్చు. అమెరికాలో డాక్టర్ మార్క్ బీర్స్ 1991లో వృద్ధులకు తగని మందుల పట్టిక ప్రకటించారు. ఇప్పటికీ సవరిస్తూ వస్తున్న ఆ పట్టికలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. మన దేశంలోనూ 2014 మార్చి నుంచి ఆల్‌ప్రజోలమ్, డయజిపామ్ వంటివి అమ్మితే రోగి పేరూ, చీటీ రాసిన డాక్టరు పేరూ దుకాణదారు రిజిస్టరులో రాయాలి. కనుక పక్కింటావిడకు పనిచేసిందని ఆ మాత్ర మీ అత్తగారికి ఇవ్వకండి.

అలాగని భయపడి నిద్రమాత్రలు ఒక్కసారిగా మానిపించకండి. చాలాకాలం వాడినవారికి ఫిట్స్ రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

మరి మనమేం చెయ్యాలి? ఇంగ్లీషు మందులు, ఆయుర్వేదం, దగ్గు సిరప్ అన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుగారి ముందు పెట్టండి. "ఇందులో ఏది అక్కర్లేదు?" అని మొహమాటం లేకుండా అడగండి. ఒక డాక్టరు రాసింది రెండో డాక్టరుకు తెలియకపోవచ్చు కదా!

మతిమరుపంతా మందులవల్లే కాదు. ఉన్నట్టుండి మతి తప్పితే చక్కెర పడిపోయి ఉండవచ్చు, పక్షవాతమూ కావచ్చు. ఆలస్యం చెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏ మాత్ర ఎందుకో ఇంట్లో ఒక్కరికైనా తెలిసుండాలి. ఆ ఒక్కరూ మీరే ఎందుకు కాకూడదు?