చివరి అక్షరం చెవికి అందకపోతే

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, భాష గురించి మాట్లాడమన్నారు. మన గోండి గొప్పతనం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను తెలుగు వినడం గురించి చెప్తాను.

ఇంట్లో గోండి మాట్లాడుతూ పెరిగి, బడికొచ్చాక తెలుగు నేర్చుకునే చెవి ముందు దేన్ని పట్టుకుంటుంది? అర్థం మోసే పెద్ద మాటల్ని. రెండో భాష నేర్చుకునేవాళ్ల మీద పరిశోధించిన బిల్ వాన్‌పాటెన్ చెప్పింది ఇదే. ‘నిన్న’ అని వినపడితే చాలు, క్రియలోని కాలం గుర్తును చెవి వదిలేస్తుంది. దాన్ని పట్టుకునేలోపు తర్వాతి వాక్యం వచ్చేస్తుంది మరి! గోండిలోనూ గుర్తులు క్రియ చివరే ఉంటాయి, కానీ అవి మనకు ఉగ్గుపాలతో వచ్చినవి.

పైగా మన చెవి తెలుగును గోండి లెక్కతో కొలుస్తుంది. గోండిలో ఆమెకైనా ఆవుకైనా ‘అద్’. ఎక్కువమంది ఆడవాళ్లకైనా, ఆవుల మందకైనా ‘అవ్’. మగవాళ్లది వేరు. తెలుగులో ఒక్కరైతే మనలాగే: అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది. ఎక్కువమంది అయ్యేసరికి ఆడవాళ్లు మగవాళ్లతో కలుస్తారు: అమ్మలు వచ్చారు, ఆవులు వచ్చాయి. అందుకే పంతులు ఎవరన్నది చెప్పకుండా ‘వచ్చారు’ అంటే, కొత్తగా తెలుగు వింటున్న పిల్లకు మగవాళ్లే తోచవచ్చు. జవాబు తప్పితే మొద్దు అనేస్తారు. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టి, గోండి వాచకాలు తయారు చేయించింది ఊరికే కాదు.

మన అవ్వ ‘ఆడోళ్లు వచ్చినయి’ అంటే నవ్వేవాళ్లు మీలోనూ ఉన్నారు. అందులో అమర్యాద లేదు, గోండి వ్యాకరణం ఉంది. ‘అమ్మ వచ్చింది’ అనే తెలుగువాళ్లను మనం నవ్వుతున్నామా?

ఇక దవాఖాన సంగతి. ‘తిన్నాక వేసుకో’, ‘తినకముందు వేసుకో’. రెండింటిలోనూ అవ్వ చెవికి గట్టిగా తగిలేవి తినడం, వేసుకోవడం. ముందా వెనకా అన్నది మధ్యలో నలిగిపోతుంది. వెంట వెళ్లేది మీరే. గోండి వస్తే గోండిలోనే చెప్పండి. రాకపోతే తెలుగును విడగొట్టండి, పని జరిగే వరసలోనే: ‘ముందు గోలీ. తర్వాత అన్నం.’ అర్థమైందా అని అడగకండి, తల ఊపేస్తుంది. ‘అవ్వా, ఎప్పుడు వేసుకుంటవు?’ అని అడిగి ఆమె నోటితోనే చెప్పించుకోండి, ఏ భాషలోనైనా సరే.