మామూలు బాంబుకు గురి కుదిర్చే కిట్
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు. నన్ను వేరే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. యుద్ధవార్తలు వచ్చినప్పుడల్లా టీవీలో "స్మార్ట్ బాంబు" అంటుంటారు. అదేదో కొత్త రకం బాంబని చాలామంది అనుకుంటారు. చాలావరకు అది పాత ఇనుప బాంబే. దానికి ముక్కు దగ్గరో తోక దగ్గరో ఒక కిట్ బిగిస్తారు, అంతే.

మామూలు బాంబు విమానాన్ని వదిలాక ఎవరి మాటా వినదు. ఉత్తర వియత్నాంలోని థాన్ హోవా వంతెన మీద అమెరికా విమానాలు 1965 ఏప్రిల్ నుంచి వందలసార్లు దాడి చేశాయి. విమానాలు కూలాయి, పైలట్లు పోయారు, వంతెన నిలిచే ఉంది. 1972 మే 13న లేజర్ కిట్లు తగిలించిన బాంబులు వేస్తే దాని పడమటి భాగం ఊడిపడింది. ఆ కిట్ పేరు పేవ్‌వే, చేసింది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ. లక్ష్యం మీద ఒకరు లేజర్ కిరణం పట్టి ఉంచితే, బాంబు ముక్కులోని కన్ను ఆ వెలుగును చూసి, చిన్న రెక్కలు తిప్పుకుంటూ అటే పోతుంది. 1999లో కార్గిల్ పోరులో టైగర్ హిల్ మీద మన మిరాజ్‌లు వేసినవీ ఈ జాతివే.

అయితే మబ్బో పొగో అడ్డొస్తే ఆ కన్ను పనిచేయదు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఆ ఇబ్బంది బాగా తెలిసొచ్చింది. తరువాత వచ్చిన జేడామ్ అనే తోక కిట్‌కు చూపుతో పనిలేదు. అక్షాంశ రేఖాంశాల అంకెలు ఎక్కిస్తే, ఉపగ్రహాల సంకేతాలతో తన దారి తానే దిద్దుకుంటుంది.

సర్వే శాఖలో జీవితం గడిపిన నాబోటివాడికి అసలు భయం ఇక్కడే. అక్షాంశంలో ఒక్క సెకను తేడా నేల మీద సుమారు 31 మీటర్లు. 1999 మే 7 రాత్రి బెల్‌గ్రేడ్‌లో అమెరికా విమానం వేసిన ఐదు జేడామ్ బాంబులూ ఇచ్చిన అంకెల చోటే పడ్డాయి. అది చైనా రాయబార కార్యాలయం! ముగ్గురు చైనా పాత్రికేయులు చనిపోయారు. తాము కొట్టదలచింది సైనిక సరఫరాల కార్యాలయాన్నని అమెరికా చెప్పుకుంది. చేతిలో ఉన్నది వీధి పేరూ, ఇంటి నంబరూ. పక్క వీధుల నంబర్లను బట్టి ఆ ఇల్లు ఇక్కడుండాలని పటం మీద లెక్క కట్టారట! రాయబార కార్యాలయం 1996లోనే ఆ చోటికి మారింది, వారి జాబితాలలో మాత్రం పాత చిరునామాయే ఉంది. హైదరాబాదులో ఇంటి నంబరు పట్టుకుని ఇల్లు వెతికినవారెవరూ ఆ లెక్కను నమ్మరు. మా శాఖలో అయితే గొలుసుతో కొలవకుండా రాళ్ళు పాతనిచ్చేవారు కాదు.

2001 డిసెంబరు 5న ఆఫ్ఘనిస్తాన్‌లో కాందహార్ దగ్గర జరిగింది ఇంకా విచిత్రం. గురి చెప్పే సైనికుడు జీపీఎస్ పరికరంలో బ్యాటరీ మార్చాడు. మార్చగానే అది శత్రువు చోటుకు బదులు తానున్న చోటు అంకెలు చూపించిందని పత్రికలు రాశాయి. అవే అంకెలు పైకి వెళ్ళాయి. బాంబు వారి మీదే పడింది. ముగ్గురు అమెరికన్లు, వారి పక్షాన ఉన్న ఆఫ్ఘన్లు కొందరు మరణించారు. అక్కడే ఉన్న హమీద్ కర్జాయ్ స్వల్ప గాయాలతో బయటపడ్డారు. బాంబు తప్పేమీ చేయలేదు, చెప్పిన చోటుకే వచ్చింది.

ప్రశ్నలుంటే భోజనాలయ్యాక వరండాలో కూర్చుందాం. సెలవు.